వాగుకు ఊపిరాడుతోందా?

అందరికీ నమస్కారం. మైకు వినిపిస్తోందా? వెనక వరసలో ఉన్నవాళ్లు ఒకసారి చెయ్యి ఎత్తండి. సరే, వినిపిస్తోంది.

మాటల్లోకి వెళ్లే ముందు ఈ రెండు సీసాలు చూడండి. ఒకటి మురుగునీటి శుద్ధి ప్లాంట్ నుంచి నీళ్లు బయటికొచ్చే గొట్టం దగ్గర పట్టింది. రెండోది వాగులో పట్టింది, ప్లాంట్ నీళ్లు ఇంకా కలవని చోట, ఎగువన. ఏది ఏదో ఇప్పుడే చెప్పను. ఎడమ చేతిలోది తేటగా ఉంది, వెనక నా వేళ్లు కూడా కనిపిస్తున్నాయి. కుడి చేతిలోది కొంచెం మట్టిరంగులో ఉంది, అడుగున నలుసులున్నాయి. వీటిలో ఒకదాంట్లో చేపపిల్లను వదలమంటే ఏ సీసాలో వదులుతారు? ఎడమది అనేవాళ్లు? దాదాపు అందరూ. కుడిది? ఇద్దరు. మీరిద్దరూ ల్యాబ్‌లోనన్నా పనిచేసి ఉండాలి, లేకపోతే నా మొహం చూసి అనుమానమన్నా వచ్చి ఉండాలి. (నవ్వులు)

రెండింటిలోంచీ కొంచెం కొంచెం ఈ గాజు గొట్టాల్లో పోసి, అమ్మోనియా పరీక్ష మందు వేస్తున్నాను. రంగు తేలడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. ఈలోపు మాట్లాడుకుందాం.

నేను చాలా ఏళ్లు ఒక చిన్న ఊరి మురుగునీటి ప్లాంట్‌లో కెమిస్ట్‌గా పనిచేశాను. ఏం ఉద్యోగమని అడిగినవాళ్లు జవాబు వినగానే మాట మార్చేసేవాళ్లు. అందుకే ఇవాళ ఇంతమంది వచ్చి కూర్చుంటే నాకు కొత్తగా ఉంది.

మురుగునీరు అనగానే ముక్కు మూసుకుంటాం గానీ, అందులో వెయ్యి పాళ్లకు 999 పాళ్లు మామూలు నీళ్లే. మిగిలిన ఒక్క పాలు కోసమే ఇన్ని తొట్లు, ఇన్ని పంపులు, ఇంత కరెంటు. ఆ ఒక్క పాలులో సగానికి సగం సూక్ష్మజీవులకు తిండి. అసలు చిక్కు అక్కడే ఉంది. మురికి విషమై చేపల్ని చంపుతుందని చాలామంది అనుకుంటారు. ఎక్కువసార్లు జరిగేది అది కాదు. మురికి వాగులోకి వెళ్తే అక్కడున్న బాక్టీరియాకు పండగే. అవి తింటాయి, పెరుగుతాయి. తినడానికి వాటికి ఆక్సిజన్ కావాలి. ఆ ఆక్సిజన్ నీళ్లలోంచే తీసుకుంటాయి. చేప పీల్చుకోవాల్సింది కూడా అదే.

నీళ్లలో ఆక్సిజన్ ఎంత తక్కువో తెలిస్తే ఆశ్చర్యపోతారు. మనం పీల్చే లీటరు గాలిలో దాదాపు 270 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటుంది. 20 డిగ్రీల దగ్గర లీటరు మంచినీళ్లు పూర్తిగా నింపుకున్నా అందులో పట్టేది 9 మిల్లీగ్రాములే. ఎండ పెరిగి నీళ్లు 30 డిగ్రీలకు వేడెక్కితే ఏడున్నరకు పడిపోతుంది. చేపలు ఎప్పుడూ అరకొర జీతం మీద బతికే కుటుంబం లాంటివి. దాచుకోవడానికి ఏమీ మిగలదు.

ఇప్పుడొక లెక్క చూద్దాం. యూరప్ దేశాలు 1991లో మురుగునీటి మీద చేసుకున్న చట్టంలో ఒక మనిషి వాటా మురికిని ఇలా కొలిచారు: రోజుకు 60 గ్రాముల ఆక్సిజన్ తినేంత. 60 గ్రాములంటే 60,000 మిల్లీగ్రాములు. లీటరుకు 9 చొప్పున భాగిస్తే 6,600 లీటర్లకు పైనే వస్తుంది. అంటే మీరొక్కరు ఒక రోజు వాడి వదిలిన నీళ్లు శుద్ధి కాకుండా వెళ్తే, అంత వాగునీటిలోని మొత్తం ఆక్సిజన్‌ను ఖాళీ చేయగలవు. పదివేల మంది ఉన్న ఊరైతే రోజుకు ఆరున్నర కోట్ల లీటర్లు దాటుతుంది. సెకనుకు 770 లీటర్లు పారే వాగు పూర్తిగా ఊపిరి వదులుకోవాలి. పైనున్న గాలిలోంచి వాగు కొత్త ఆక్సిజన్ తీసుకుంటూనే ఉంటుంది, కాదనను. కానీ అది నెమ్మదిగా జరిగే పని, ఖర్చేమో గబగబా అయిపోతుంది.

ప్లాంట్ ఎందుకు కట్టారని ఎవరైనా అడిగితే నా జవాబు ఇదే. వాగు తన ఊపిరి పెట్టి చేయాల్సిన పనిని, మనం కరెంటు పెట్టి తొట్టిలోనే చేయించేస్తున్నాం. వాగులో ఉండే బాక్టీరియా జాతులే తొట్టిలోనూ ఉంటాయి, తిండీ అదే. ఆక్సిజన్ బిల్లు మాత్రం వాగు కట్టక్కర్లేదు.

ఈ ఆక్సిజన్ ఆకలిని కొలిచే పరీక్ష పేరు బీఓడీ. శాంపిల్‌ను సీసాలో నింపి, 20 డిగ్రీల దగ్గర చీకట్లో అయిదు రోజులు ఉంచి, ఎంత ఆక్సిజన్ తగ్గిందో చూస్తాం. అయిదు రోజులే ఎందుకో తెలుసా? బ్రిటన్‌లో మురుగునీటి మీద 1898లో ఒక రాయల్ కమిషన్ వేశారు. అక్కడి నదులు సముద్రం చేరడానికి అయిదు రోజులకు మించి పట్టదు కాబట్టి, ఆ తర్వాత ఏం జరిగినా నదికి సంబంధం లేదనుకున్నారు. వేల మైళ్లు పారే నదులున్న దేశాలు కూడా ఈ రోజుకీ ఆ అయిదు రోజులే పట్టుకుని వేలాడుతున్నాయి. ల్యాబ్‌లో మాకు మాత్రం దీనివల్ల ఒక కష్టం. సోమవారం పట్టిన శాంపిల్ ఫలితం శనివారం తెలుస్తుంది. అప్పటికి ఆ నీళ్లు ఎక్కడికో వెళ్లిపోయి ఉంటాయి.

అదే కమిషన్ 1912లో ఇచ్చిన ఎనిమిదో నివేదికలో, బయటికి వదిలే నీళ్లలో బీఓడీ లీటరుకు 20 మిల్లీగ్రాములు, తేలే మడ్డి 30 మిల్లీగ్రాములు మించకూడదని చెప్పారు. ప్రపంచంలో చాలా ప్లాంట్ల హద్దులకు మూలం అదే. అయితే ఆ అంకెల వెనక ఒక షరతుంది. వదిలే నీటికి కనీసం ఎనిమిది రెట్ల మంచినీళ్లు నదిలో ఉండాలి. అంకెలు అందరికీ గుర్తున్నాయి, షరతు మర్చిపోయారు. ఎండాకాలంలో చాలా చిన్న వాగుల్లో ఎనిమిది రెట్లు కాదు కదా, ఒక రెట్టు కూడా ఉండదు. ప్లాంట్ వదిలిందే వాగు. అక్కడ 20 అనే అంకె కాగితం మీద పాసయినట్టు చూపిస్తుంది, వాగులో మాత్రం ఫెయిలే. హద్దు పెట్టేటప్పుడు ఎంత వదులుతున్నారని మాత్రమే అడిగి, ఎంతలోకి వదులుతున్నారని అడగకపోవడం నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

ఇంకో సంగతి. గొట్టం దగ్గర నిలబడి చూసి, ఇక్కడ చేపలు బాగానే ఉన్నాయే అంటారు. ఉంటాయి. ఆక్సిజన్ అడుగంటేది గొట్టం దగ్గర కాదు. బాక్టీరియా తినడానికి టైం పడుతుంది, ఈలోపు నీళ్లు దిగువకు సాగిపోతాయి. 1925లో స్ట్రీటర్, ఫెల్ప్స్ అనే ఇద్దరు అమెరికాలోని ఒహాయో నది మీద చేసిన అధ్యయనంతో దీనికి సమీకరణం రాశారు. ఆక్సిజన్ ఎంత దూరంలో అన్నిటికంటే కిందికి దిగుతుందో, మళ్లీ ఎక్కడ కోలుకుంటుందో లెక్క కట్టొచ్చు. తప్పు చేసిన ఊరొకటి, చచ్చిన చేపలు తేలే ఊరు ఇంకొకటి. తగాదాలన్నీ అందుకే.

ఇక లోపలికి వెళ్దాం. మొదట ఇనప జాలీ. గుడ్డలు, ప్లాస్టిక్, జుట్టు, వెట్ వైప్స్ అనే తడి తుడుపు కాగితాలు అక్కడ ఆగుతాయి. ఆ కాగితాల ప్యాకెట్ మీద టాయిలెట్‌లో వేసి నీళ్లు కొట్టొచ్చని రాసినా నమ్మకండి. అవి పంపు రెక్కలకు జడలా అల్లుకుపోతాయి. లండన్‌లో వైట్‌చాపెల్ దగ్గర 2017లో కొవ్వు, ఈ కాగితాలు కలిసి 250 మీటర్ల పొడవున 130 టన్నుల గడ్డ కట్టి డ్రైనేజీని మూసేశాయి. దాన్ని తీయడానికి వారాలు పట్టింది. జాలీ తర్వాత ఇసుక దిగే గుంట. తర్వాత కొన్ని ప్లాంట్లలో మొదటి సెటిలింగ్ ట్యాంక్ ఉంటుంది. నీళ్లు నిలకడగా ఉంటే బరువైనది కిందికి దిగుతుంది. బీఓడీలో మూడో వంతు అక్కడే పోతుంది. వీటి గురించి ఎక్కువ చెప్పను, అన్నీ కంటికి కనిపించే పనులే.

కనిపించని పని గాలి తొట్టిలో జరుగుతుంది. అందరూ ఏరేషన్ ట్యాంక్ అంటారు. అడుగు నుంచి గాలి కొడుతుంటే నీళ్లు గోధుమరంగులో తెర్లుతుంటాయి. మొదటిసారి చూసినవాళ్లకు ఇదేం శుద్ధి, ఇంకా మురికిగా ఉందే అనిపిస్తుంది. ఆ గోధుమరంగే మా ఆస్తి. అది కోటానుకోట్ల బాక్టీరియా గుంపులు గుంపులుగా అతుక్కున్న బురద.

ఇది మొదలైన కథ నాకు భలే ఇష్టం. మాంచెస్టర్‌లో గిల్బర్ట్ ఫౌలర్ అనే రసాయన శాస్త్రవేత్త 1912లో అమెరికా వెళ్లి, లారెన్స్ అనే ఊళ్లోని ప్రయోగశాలలో మురుగునీటికి గాలి పట్టించే ప్రయోగాలు చూసి వచ్చారు. ఆ ఫౌలర్ గారే తర్వాత బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ప్రొఫెసర్‌గా పనిచేశారు, అది వేరే కథ. ఆయన చెప్పింది విని ఆర్డెన్, లాకెట్ అనే ఇద్దరు సీసాల్లో మురుగునీరు పోసి గాలి కొట్టారు. పూర్తిగా శుభ్రపడడానికి అయిదు వారాలు పట్టింది. అయిదు వారాలు పట్టే పద్ధతి ఎవరికి కావాలి? కానీ వాళ్లు ఒక చిన్న పని చేశారు. పైన తేరుకున్న నీళ్లు వంచేసి, అడుగున మిగిలిన బురదను పారేయకుండా ఉంచి, దాని మీదే కొత్త మురుగు పోశారు. మళ్లీ వంచారు, మళ్లీ పోశారు. ఒక్కో విడతకూ టైం తగ్గుతూ వచ్చి, చివరికి ఒక రోజులోపే అయిపోయింది. 1914 ఏప్రిల్‌లో వాళ్లు ఈ సంగతి బయటపెట్టి, ఆ బురదకు యాక్టివేటెడ్ స్లడ్జ్ అని పేరు పెట్టారు. చైతన్యం వచ్చిన బురద అనుకోండి. ఇవాళ పెద్ద నగరం నుంచి చిన్న ఊరి దాకా నడుస్తున్న ప్లాంట్లలో ఎక్కువ భాగం ఆ సీసా పిల్లలే.

ఆ ఇద్దరూ చేసింది రైతు చేసే పనే. పంటంతా అమ్మేసుకోకుండా విత్తనానికి కొంత దాచుకోవడం. గాలి తొట్టి తర్వాత రెండో సెటిలింగ్ ట్యాంక్ ఉంటుంది. అక్కడ బురద కిందికి దిగుతుంది, పైన తేట నీళ్లు పొర్లి బయటికెళ్తాయి. దిగిన బురదలో ఎక్కువ భాగాన్ని పంపుతో మళ్లీ గాలి తొట్టికే తెస్తాం. కొంత మాత్రం బయటికి తీసేస్తాం. ఎంత తెచ్చుకోవాలి, ఎంత తీసేయాలి అన్నదే ఆపరేటర్ పనితనమంతా.

చిన్న ఊళ్ల కోసం దీన్ని ఇంకా సులువు చేసింది నెదర్లాండ్స్‌కు చెందిన పాస్‌వీర్. 1954లో వోర్‌స్కోటెన్ అనే ఊళ్లో గుండ్రంగా చుట్టూ తిరిగొచ్చే కాలవ తవ్వించి, దాని మీద బ్రష్ లాంటి చక్రం పెట్టారు. చక్రం తిరిగితే నీళ్లకు గాలీ అందుతుంది, నీళ్లు కాలవ చుట్టూ పరుగూ పెడతాయి. తొట్లు తక్కువ, మనుషులు తక్కువ. అందులో నీళ్లు రోజు దాకా ఉంటాయి కాబట్టి, పొద్దున ఒక్కసారిగా వచ్చిపడే మురుగును కూడా తట్టుకుంటుంది. నన్ను చిన్న ఊరికి ఏది కట్టమంటారని అడిగితే, స్థలం ఉంటే ముందు దీన్నే చూడమంటాను. మెరిసే మెషీన్లు కొని, స్పేర్ పార్ట్ కోసం నెలల తరబడి ఎదురుచూసే ప్లాంట్లు చాలానే చూశాను.

ఇరవై నిమిషాలు అయ్యాయి. గొట్టాలు చూద్దాం. కెమెరా కొంచెం ఇటు తిప్పుతారా? కుడి సీసాది, మట్టిరంగు నీళ్లది, లేత పసుపు దగ్గరే ఆగింది. అమ్మోనియా లేనట్టే. ఎడమది చూడండి, ముదురు ఆకుపచ్చ. మీరందరూ చేపపిల్లను వదిలిన సీసా ఇదే. (సభలో గుసగుసలు) తేటగా ఉన్న ఆ నీళ్లు ప్లాంట్ నుంచి వచ్చినవి. బీఓడీ బాగుంది, మడ్డి లేదు, వాసన లేదు. అమ్మోనియా ఉంది.

దీని వెనక నా సొంత తప్పు ఒకటుంది, చెప్పాలి. తొట్టిలో రెండు రకాల బాక్టీరియా ఉంటాయి. మామూలు మురికిని తినేవి గంటల్లో రెట్టింపవుతాయి. అమ్మోనియాను తినే నైట్రోసోమోనాస్ లాంటివి మహా నిదానం. తొట్టిలో ఒకటికి రెండు కావడానికి దాదాపు రోజు పడుతుంది, చలికాలంలో ఇంకా ఎక్కువ. ఒక చలికాలం తొట్టిలో బురద చిక్కబడింది. ఎక్కడ పైకి పొర్లి బయటికెళ్తుందో, శాంపిల్ ఎక్కడ ఫెయిలవుతుందో అని నాకు టెన్షన్. వారం పాటు రోజూ ఎక్కువెక్కువ బురద తీయించేశాను. నీళ్లు అద్దంలా వచ్చాయి. నేను చాలా సంతోషించాను కూడా. నిదానంగా పెరిగేవి తమ సంఖ్య నిలబెట్టుకునేలోపే నేను వాటిని బయటికి తోడేశానని నాకు తట్టలేదు. విత్తనం గింజలు కూడా అమ్మేసుకున్న రైతును నేనే.

పదిహేను రోజులకు వాగు దిగువన చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయని ఒకాయన వచ్చి చెప్పారు. మా నీళ్లు తేటగానే ఉన్నాయని ఆయనకు సీసా చూపించాను. సరిగ్గా ఇవాళ మీకు చూపించినట్టే. ఆయన నాతో వాదించలేదు. వాగు దగ్గరికి రమ్మన్నారు. వెళ్లి చూశాక ల్యాబ్‌కొచ్చి అమ్మోనియా పరీక్ష పెట్టాను. అంతకుముందు ఆ పరీక్ష నెలకొకసారే చేసేవాళ్లం. బురద తీయడం ఆపేసి, గాలి పెంచి ఎదురుచూశాం. అమ్మోనియా మళ్లీ దారికొచ్చేసరికి అయిదో వారం నడుస్తోంది. ఆర్డెన్, లాకెట్ మొదటి సీసాకు పట్టినంత.

అమ్మోనియా రెండు దెబ్బలు కొడుతుంది. ఒక గ్రాము అమ్మోనియా నైట్రోజన్‌ను బాక్టీరియా నైట్రేట్‌గా మార్చడానికి నాలుగున్నర గ్రాముల ఆక్సిజన్ కావాలి. తొట్టిలో ఖర్చు కాకపోతే అది వాగులో ఖర్చవుతుంది. రెండోది నేరుగా విషం. అదీ అన్ని వేళలా ఒకేలా ఉండదు. నీళ్లలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది, ఒకటి పెద్దగా హాని చేయదు, ఒకటి చేప మొప్పల్ని దెబ్బతీస్తుంది. నీళ్ల క్షారగుణాన్ని చూపే పీహెచ్, వేడి పెరిగితే మొదటిది రెండోదిగా మారుతుంది. నాచు బాగా ఉన్న వాగులో మధ్యాహ్నం ఎండకు నాచు కార్బన్ డయాక్సైడ్ లాగేసుకుంటుంది, పీహెచ్ ఎక్కుతుంది. పొద్దున ఏమీ చేయని అమ్మోనియా మధ్యాహ్నానికి చంపేదవుతుంది. అదే నాచు రాత్రి ఆక్సిజన్ తింటుంది. కాబట్టి ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువుండేది తెల్లవారుజామున. చేపకు పగలొక గండం, రాత్రొక గండం.

మరి మా శాంపిల్ ఎప్పుడు పట్టేవాళ్లం? పొద్దున పదింటికి. ఆఫీసు టైం కదా. (నవ్వులు) పెద్ద నగరంలో మురుగు రాకలో హెచ్చుతగ్గులు కొంత తక్కువ. చిన్న ఊళ్లో అలా కాదు. అందరూ ఒకేసారి లేస్తారు, ఒకేసారి పడుకుంటారు. పొద్దున సగటుకు రెండు మూడు రెట్లు వచ్చిపడుతుంది, అర్ధరాత్రి సన్నగా కారుతుంది. వానొస్తే పగిలిన గొట్టాల సందుల్లోంచి వాననీళ్లు చొరబడి, సెటిలింగ్ ట్యాంక్‌లో నిలకడగా ఉన్న బురద మొత్తాన్ని తోసుకుని పోతాయి. నెలల తరబడి పెంచుకున్నది ఒక్క రాత్రిలో వాగు పాలు. ఆ తెల్లారి పది గంటల శాంపిల్ చూస్తే ఏం తెలుస్తుంది? అప్పటికి పోవాల్సింది పోయి, నీళ్లు మళ్లీ తేటగా ఉంటాయి. గంట గంటకూ కొంచెం పట్టి, 24 గంటలవీ కలిపి పరీక్ష చేస్తేనే ఆ అంకెకు విలువ. ఈ పని చేసే చిన్న మెషీన్లున్నాయి.

బురద సంగతికి మళ్లీ వస్తాను, ఎవరూ మాట్లాడని సంగతి అది. మురికి మాయమైపోదు. బాక్టీరియా తిన్నదాంట్లో కొంత కార్బన్ డయాక్సైడ్‌గా గాల్లోకి పోతుంది, మిగతాది వాటి ఒళ్లుగా మారుతుంది. ఒక గ్రాము బీఓడీ తీసేస్తే అర గ్రాము అటూ ఇటూగా కొత్త బురద పుడుతుంది. అది రోజూ పుడుతుంది, పండగలకూ సెలవులకూ ఆగదు. దాన్ని పిండాలి, ఆరబెట్టాలి, ఎక్కడికో చేర్చాలి. పెద్ద ప్లాంట్లలో గాలి తగలని ట్యాంకుల్లో మగ్గబెట్టి మీథేన్ తీసి కరెంటు చేసుకుంటారు. చిన్న ఊరికి అది సాధారణంగా గిట్టదు. అందుకని లారీల్లో ఎత్తాలి. డబ్బులు తగ్గినప్పుడు మొదట ఆగేది ఆ లారీనే. లారీ ఆగినంత మాత్రాన బురద పుట్టడం ఆగదు కదా. తొట్టి నిండాక అది వెళ్లేది ఒక్కటే దారి, వాగు.

కాబట్టి ప్లాంట్ చూడ్డానికి వెళ్లినప్పుడు ఎంత శుద్ధి చేస్తున్నారని అడగకండి. అందరూ తొంభై శాతం పైనే చెప్తారు. పోయిన నెల ఎంత బురద బయటికి పంపారు, ఎక్కడికి పంపారు, లాగ్‌బుక్ చూపిస్తారా అని అడగండి. అంత మురుగు వస్తున్న చోట బురదే వెళ్లడం లేదంటే, శుద్ధీ జరగడం లేదన్నట్టే. ఈ ప్రశ్న అడిగితే ఆపరేటర్ మిమ్మల్ని కొంచెం గౌరవంగా చూస్తాడు. వీలైతే గాలి కొట్టే బ్లోయర్లు ఎన్ని నడుస్తున్నాయో కూడా చూడండి. ప్లాంట్ కరెంటులో సగం దాకా వాటికే పోతుంది, బిల్లు తగ్గించాలంటే చెయ్యి మొదట వెళ్లేది ఆ స్విచ్ మీదికే.

ఇక ఈ ప్లాంట్ చేయని పనులు. బాగా నడిచే ప్లాంట్ రోగకారక క్రిముల్లో 99 శాతం తీసేస్తుందంటే గొప్పగానే ఉంటుంది. పచ్చి మురుగులో 100 మిల్లీలీటర్లకు మల బాక్టీరియా కోటి దాకా ఉంటాయి. కోటిలో 99 శాతం పోతే మిగిలేది లక్ష. ఆ నీళ్లలో పిల్లలు ఆడుకోకూడదు. చివర్లో క్లోరిన్ వేయాలి, లేదా యూవీ లైట్ పెట్టాలి. క్లోరిన్ మిగిలితే చేపలకు విషం, దాన్ని మళ్లీ తీసేయాలి. యూవీకి నీళ్లు తేటగా లేకపోతే వెలుగు లోపలికి పోదు. ఏ మందుకు ఆ పథ్యం.

ఇంకోటి ఫాస్ఫరస్, నాచుకు ఎరువులాంటిది. దీనికి అమెరికాలో సియాటిల్ పక్కనున్న లేక్ వాషింగ్టన్ చరిత్ర చూడాలి. ఆ సరస్సు చుట్టూ ఉన్న ఊళ్లు పచ్చి మురుగు వదల్లేదు. ప్లాంట్లు కట్టుకుని శుద్ధి చేసిన నీళ్లే వదిలాయి. అయినా 1955లో ఒక రకం నీలి-ఆకుపచ్చ నాచు కనిపించింది. ఎడ్మండ్‌సన్ అనే శాస్త్రవేత్త, ఇది ఫాస్ఫరస్ పని, ఇలాగే వదిలితే సరస్సు పాడవుతుందని హెచ్చరించారు. అక్కడి జనం ఓటు వేసి, పన్ను వేసుకుని, ఆ నీళ్లన్నిటినీ సరస్సులోకి రాకుండా మళ్లించారు. 1963లో మొదలైన మళ్లింపు 1968కి పూర్తయింది. 1964లో నీళ్లలోకి 30 అంగుళాల లోతు వరకే కనిపించేది, 1968కి 10 అడుగులు కనిపించింది. బీఓడీ మాత్రమే చూసి ప్లాంట్ బాగుందనుకుంటే ఇలాగే అవుతుంది. ఫాస్ఫరస్ తీయడానికి పటిక, ఇనుప లవణాలు వాడొచ్చు, కొన్ని బాక్టీరియాతోనూ తీయించొచ్చు. దానికి విడిగా ఏర్పాటు ఉండాలి, దానంతట అది జరగదు.

ప్లాంట్ ఉప్పునూ తీయదు. మందుల అవశేషాల్లో కొన్ని తీస్తుంది, కొన్ని తీయదు. గర్భనిరోధక మాత్రల్లోని హార్మోను చాలా కొద్దిగా మిగిలినా, దిగువన మగ చేపల్లో ఆడ లక్షణాలు వస్తున్నాయని బ్రిటన్ నదుల్లో 1990లలో చూశారు. మిగిలిపోయిన మాత్రలు సింక్‌లో పడేయకండి.

ప్రశ్నలు తీసుకుందాం. అమ్మా, మీరు అడగండి.

(సభలో ఒకరు: ప్లాంట్ పక్కన వాసన వస్తోందంటే అది పనిచేయనట్టేనా?)

మంచి ప్రశ్న. గాలి అందే తొట్టి దగ్గర తడిమట్టి వాసనే వస్తుంది. కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తే ఎక్కడో ఆక్సిజన్ అయిపోయిందని అర్థం. చాలాసార్లు అది ప్లాంట్‌లో పుట్టదు. దూరం నుంచి వచ్చే గొట్టాల్లో మురుగు గంటల తరబడి నిలిచి, అక్కడే హైడ్రోజన్ సల్ఫైడ్ తయారై, మా దగ్గర బయటపడుతుంది. అది కాంక్రీట్ గొట్టాల పైకప్పును కూడా తినేస్తుంది. ఒక మాట గట్టిగా చెప్తాను. ఆ వాయువు ఎక్కువైతే ముక్కు వాసన పసిగట్టడం మానేస్తుంది. వాసన పోయింది కదా అని మ్యాన్‌హోల్‌లోకి దిగినవాళ్లు పైకి రాలేదు. కాపాడదామని వెనకే దిగినవాళ్లూ రాలేదు. మనిషిని అందులోకి దించే పని ఎవరు చెప్పినా చేయకండి, చేయనివ్వకండి.

(మరొకరు: ఈ నీళ్లను తాగే నీళ్లుగా మార్చొచ్చంటున్నారు, నిజమేనా?)

నిజమే సార్. నమీబియా రాజధాని విండ్‌హుక్‌లో 1968 నుంచి మార్చి తాగుతున్నారు. సింగపూర్ 2003లో మొదలుపెట్టింది. కానీ నేను ఇప్పటిదాకా చెప్పిందంతా అయ్యాక, దాని మీద ఇంకో నాలుగైదు మెట్లు ఎక్కాలి. వాళ్లు కింది మెట్టు ఏ రోజూ జారకుండా చూసుకుంటారు. కింది మెట్టే ఊగుతున్న చోట పై మెట్ల గురించి మాట్లాడడం నాకు ఇష్టం ఉండదు.

(ఒక విద్యార్థిని: మేము స్కూల్లో వాగు నీళ్లు పరీక్ష చేయాలనుకుంటున్నాం. ఎక్కడ మొదలుపెట్టాలి?)

భలే. అమ్మోనియా కిట్ ఒకటి, థర్మామీటర్ ఒకటి తీసుకోండి. ప్లాంట్ నీళ్లు కలిసే చోటికి ఎగువన ఒక చోటు, దిగువన దూరం దూరంగా మూడు చోట్లు గుర్తుపెట్టుకోండి. ఎప్పుడూ ఆ చోట్లలోనే పట్టాలి. ఆక్సిజన్‌కు వింక్లర్ పద్ధతి ఉంది, 1888 నాటిది, ఇప్పటికీ పనికొస్తుంది. అందులో రెండు మందులేస్తే, ఆక్సిజన్ ఉన్న నీళ్లలో గోధుమరంగు మడ్డి దిగుతుంది, లేని నీళ్లలో తెల్లగా దిగుతుంది. మందులు మాత్రం టీచర్ వేయాలి, చేతికి తొడుగులుండాలి. తెల్లవారక ముందే వెళ్లండి, పెద్దవాళ్లను తోడు తీసుకునే వెళ్లండి. సీసాను నీళ్లలో ముంచి, లోపలే మూత పెట్టండి. ఒక్క గాలి బుడగ కూడా ఉండకూడదు, ఉంటే ఆ బుడగలో ఉన్న ఆక్సిజనే మీకు లెక్కలోకి వచ్చేస్తుంది. మడ్డి తెల్లగా వస్తే కంగారుపడి ఎవరికీ ఫోన్ చేయకండి. మర్నాడు అదే టైంకి, అదే చోట మళ్లీ పట్టండి. మూడో రోజు కూడా తెల్లగానే వస్తే ఆ మూడు సీసాలూ, తేదీలు రాసుకున్న నోట్‌బుక్కూ పట్టుకుని ప్లాంట్ దగ్గరికి వెళ్లండి. అక్కడ ఎవరైనా మీకు తేట నీళ్ల సీసా చూపిస్తే, వాళ్లను మీతో పాటు వాగు దగ్గరికి రమ్మనండి.